అడుగుల ఖాతా ఎవరిది?

నడక మంచిదని నిరూపించడానికి ఇప్పుడు ఎవరూ వ్యాసం రాయనక్కర్లేదు. బి.పి. చూసే డాక్టరు దగ్గర్నుంచి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి దాకా అందరూ చెప్పేదే. నాకు తేలని ప్రశ్న వేరే ఉంది. నడిచిన అడుగులను లెక్కపెట్టడం మంచిదేనా? పెడితే ఆ లెక్క ఎవరి చేతిలో ఉండాలి? వినడానికి చిల్లర ప్రశ్నలాగే ఉంటుంది. కానీ చదువుకునే పిల్లల విషయంలో, అందులోనూ కాస్త ఒళ్ళున్న పిల్లల విషయంలో, దీన్ని చిల్లర ప్రశ్నగా తీసిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు.

మా దుబల్గుండి పిల్లలు పై చదువులకు హుమ్నాబాద్, బీదర్, కలబురగి పోతారు. కొందరు జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ దాకా పోతారు. మా చెల్లెలి కూతురు ఇలాగే ఒక కాలేజీలో చదువుతున్నది. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అవసరం లేదు. అక్కడ ఒక ఏడాది పిల్లలందరినీ తూచి, బరువు ఎక్కువున్న వాళ్ళను వేరు చేసి, నడుముకు తగిలించుకునే అడుగుల మీటర్లు ఇచ్చారు. పొద్దున పదింటికి ఇస్తారు, సాయంత్రం నాలుగింటికి వాపసు తీసుకుంటారు. వారం వారం ఒక కాగితం నోటీసు బోర్డుకు ఎక్కుతుంది: పేరు, బరువు, అడుగులు. ఉద్దేశం మంచిదే. ఎవరినీ ఏడిపించాలని చేసింది కాదు. ఆ పిల్ల నాతో అన్న మాట మాత్రం ఇది: "మామా, పొద్దుగాల బస్టాండు దాక నడుస్త, పొద్దుమీకి ఇంట్ల నీళ్ళు మోస్త. అది వాళ్ళ లెక్కల రాదట."

రాదు. మీటరు కట్టుకోక ముందు నడిచింది నడక కాదు, విప్పేసిన తర్వాత చేసింది పని కాదు. లెక్క మొదలైనప్పుడు జరిగే తొలి మార్పు ఇదే. లెక్కకు అందినదే ఉన్నట్టు, అందనిది లేనట్టు అయిపోతుంది.

ఇంతకీ రోజుకు పదివేల అడుగులు అన్న అంకె ఎక్కడిది? వైద్యులు పరిశోధించి తేల్చినదని చాలామంది నమ్మకం. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మన్‌పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. ముందు పుట్టింది సరుకు పేరు. శాస్త్రం ఆ తర్వాత దాని వెనకాల నడిచి వచ్చింది. 2019లో అమెరికాలో పదహారు వేలకు పైగా వృద్ధ స్త్రీల మీద చేసిన పరిశీలనలో, రోజుకు 2700 అడుగులు వేసేవాళ్ళ కన్నా 4400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. 2025లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష కూడా 7000 దగ్గరే చాలా మేలు జరుగుతుందని చెప్పింది. అంటే 9000 అడుగులు నడిచి, ఇంకా వెయ్యి తక్కువైందని ముఖం చిన్నబుచ్చుకునే పిల్లకు వైద్యపరంగా వచ్చిన నష్టమేమీ లేదు. నష్టమంతా అంకెలోనే ఉంది.

పదివేల అడుగులను చేతితో లెక్కపెట్టిన మనిషి ఒకరు మన దేశంలోనే ఉన్నారు. కుమావూఁ ప్రాంతపు బడిపంతులు నైన్ సింగ్ రావత్. బ్రిటిష్ సర్వేవాళ్ళు ఆయనకు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చి, యాత్రికుడి వేషంలో టిబెట్‌కు పంపారు. 1865లో బయలుదేరి 1866లో లాసా చేరారు. పరాయివాళ్ళను అడుగుపెట్టనివ్వని దేశం అది. సర్వే గొలుసు తీస్తే ప్రాణం పోతుంది. అందుకని ఆయన చేతిలో జపమాల పెట్టారు. మామూలు మాలలో పూసలు 108, ఆయన మాలలో 100. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు, వాళ్ళ లెక్కలో అయిదు మైళ్ళు. అలా దాదాపు పన్నెండు వందల మైళ్ళు కొలిచారు. ఆయన లెక్క వేరేవాళ్ళ కోసం పెట్టిన లెక్కే. అయితే అది ఆయన పని. జీతం తీసుకుని, తెలిసి ఒప్పుకున్న పని. పైగా ఆయన కొలిచింది దారిని, తన శరీరాన్ని కాదు.

ఆయన ఆ పూసలు ఏ భాషలో లెక్కపెట్టుకున్నారో అని నాకొక కుతూహలం. సరిహద్దు మనుషులకు ఇలాంటి కుతూహలాలు తప్పవు. బడిలో కన్నడం, బజారులో దక్కనీ, ఇంట్లో తెలుగు. కౌంటరు దగ్గర ఏ భాషలో మాట్లాడినా, నోట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం మనసులో 'ఒకటి, రెండు' అనే పలుకుతుంది నాకు. మీలో చాలామందికి ఇది అనుభవమే అయివుంటుంది. చేతి గడియారంలోని యంత్రం ఆ పలుకును కూడా మన దగ్గర్నుంచి తీసేసుకుంది. సరే, అది పెద్ద నష్టం కాదంటే ఒప్పుకుంటాను.

మీటరు వల్ల ప్రయోజనం అసలే లేదా? ఉంది. 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో 26 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. మీటరు పెట్టుకున్నవాళ్ళు రోజుకు సుమారు 2500 అడుగులు ఎక్కువ నడిచారు. ఇంత నడవాలని ముందే ఒక లక్ష్యం పెట్టుకున్నవాళ్ళకే అది ఎక్కువగా పనిచేసింది. రక్తపోటు కొంత తగ్గింది. మరి బరువు? అదీ తగ్గింది గానీ చాలా కొద్దిగా. ఎందుకు కొద్దిగానో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు, బి.కాం. చాలు. 2500 అడుగులకు ఖర్చయ్యేది ఉజ్జాయింపుగా వంద కేలరీలు. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7700. భాగించి చూడండి, ఒక్క కిలో కరగడానికి 77 రోజులు. ఆ మధ్యలో నడిచిన ఆకలికి రెండు మిర్చి బజ్జీలు తింటే ఆ రోజు పద్దు అక్కడికక్కడే చెల్లు. 2016లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. అధిక బరువున్న 471 మంది యువతీయువకులను రెండేళ్ళు చూశారు. అందరికీ ఆహార నియమాలు, సలహాలు ఇచ్చారు. సగం మందికి మాత్రం ఒంటికి తగిలించుకునే కొలత యంత్రం కూడా ఇచ్చారు. రెండేళ్ళ చివర యంత్రం లేనివాళ్ళు సగటున 5.9 కిలోలు తగ్గితే, యంత్రం ఉన్నవాళ్ళు 3.5 కిలోలే తగ్గారు.

దీన్నిబట్టి యంత్రం చెడ్డదని తీర్పు చెప్పను. నాకు అర్థమైంది ఇంతే: నడక గుండెకు, రక్తపోటుకు, నిద్రకు, మనసుకు పనికివస్తుంది. లావు తగ్గించడానికి మాత్రం అది బలహీనమైన సాధనం. అలాంటప్పుడు మీటర్లను లావుగా ఉన్నవాళ్ళకే కట్టడంలో న్యాయం ఏముంది? సన్నగా ఉండి రోజంతా కుర్చీ దిగని పిల్లవాడికి నడక అవసరం లేదా?

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇంకో మెలిక కూడా ఉంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండులో డాక్టర్ యూడ్కిన్ అనే ఇద్దరు మిత్రులు తమ శరీరాలనే కొలుచుకుని 2004లో లాన్సెట్‌లో ఫొటోతో సహా వేశారు. ఇద్దరికీ బి.ఎం.ఐ. 22.3. ఎత్తుకూ బరువుకూ కట్టే ఆ లెక్కలో ఇద్దరూ ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. చూపుకు సన్నం, లోపల కొవ్వు. మధుమేహం మనవాళ్ళను ఇంత విస్తారంగా పట్టుకోవడానికి ఇది ఒక కారణమంటారు. నోటీసు బోర్డు మీద ఈ సన్నవాళ్ళ పేర్లు ఎక్కవు. ఎక్కేది కంటికి కనపడే లావు. అంటే అక్కడ తూచింది ఆరోగ్యాన్ని కాదు, ఆకారాన్ని.

ఇదే పొరపాటు అమెరికాలోనూ జరిగింది. పెన్సిల్వేనియాలో లింకన్ విశ్వవిద్యాలయం ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం 1854లో పుట్టిన సంస్థ. 2006లో చేరినవాళ్ళ నుంచి ఒక నిబంధన పెట్టారు: బి.ఎం.ఐ. 30 దాటిన విద్యార్థులు ఒక వ్యాయామ పాఠం చదివి తీరాలి, లేకపోతే పట్టా లేదు. మొదటి జట్టు చివరి ఏడాదికి వచ్చిన 2009లో గొడవ మొదలైంది. మేం చదువుకోవడానికి వచ్చాం, మా ఒళ్ళు మీకెందుకని విద్యార్థులు అడిగారు. వాళ్ళ జాతిలో మధుమేహం, రక్తపోటు ఎక్కువ, వాళ్ళ మేలు కోరే పెట్టామని అధ్యాపకులు అన్నారు. రెండు వైపులా నిజం ఉంది. ఆ డిసెంబరులోనే విశ్వవిద్యాలయం నిర్బంధం తీసేసింది. పాఠం ఉంచింది, ఇష్టమున్నవాళ్ళు చదువుకోవచ్చు.

ఓక్లహామా రాష్ట్రంలోని ఓరల్ రాబర్ట్స్ విశ్వవిద్యాలయం ఇంకో దారి పట్టింది. అక్కడ లావు, సన్నం తేడా లేదు. కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ చేతికి ఫిట్‌బిట్ కట్టుకోవాలి, రోజుకు పదివేల అడుగులు నడవాలి, ఆ అంకె వ్యాయామ పాఠం మార్కుల్లో కలుస్తుంది అని అప్పట్లో నిబంధన పెట్టారు. 2016 జనవరిలో ఇది పత్రికలకెక్కింది. అంతకుముందు అక్కడి విద్యార్థులు తమ వ్యాయామాన్ని తామే ఒక పుస్తకంలో రాసుకుని చూపేవారు. నా దృష్టిలో ఈ పద్ధతి ఒక విధంగా లింకన్ వాళ్ళ పద్ధతి కన్నా న్యాయమైనది, అందరినీ ఒక్క తీరుగా చూసింది గనుక. మరొక విధంగా దాని కన్నా చెడ్డది. పుస్తకంలో రాసుకునే రోజుల్లో విద్యార్థి మాటకు విలువ ఉండేది. యంత్రం వచ్చాక సాక్ష్యం యంత్రానిది, విద్యార్థి ఊరికే దాన్ని మోసేవాడు.

మార్కులకు, అడుగులకు ముడిపడితే ఏమవుతుందో బ్యాంకు ఉద్యోగికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్చి 31న డిపాజిట్లు పొంగడం, ఏప్రిల్ మొదటి వారంలో చల్లారడం మా వృత్తిలో అందరికీ తెలిసిన ఋతుధర్మం. 2014లో జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి. సున్నా నిల్వ ఖాతాలు ఎన్ని ఉన్నాయని పైనుంచి అడగడం మొదలయ్యాక కొన్నిచోట్ల సిబ్బందే తలా ఒక రూపాయి వేశారని 2016లో పత్రికలు రాశాయి. రూపాయి పడింది, అంకె మారింది, పేదవాడు అక్కడే ఉన్నాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు సలహాదారుగా ఉన్న చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లోనే ఈ సంగతి చెప్పారు. ఏ కొలతనైనా అదుపు కోసం ఒత్తిడికి వాడడం మొదలుపెడితే, అది అంతకుముందు చూపిన నిజాన్ని చూపడం మానేస్తుందని ఆయన మాటల సారం. చైనాలో విశ్వవిద్యాలయాలు ఫోను ద్వారా పరుగు లెక్క అడుగుతుంటే, పిల్లలు డబ్బిచ్చి వేరేవాళ్ళ చేత ఫోన్లను పరుగెత్తించారు. ఫోనును ఉయ్యాలలా ఊపి అడుగులు పెంచే పరికరాలు కూడా అక్కడ అమ్ముడుపోయాయి. మన పిల్లలు అంతకన్నా తెలివితక్కువ వాళ్ళేమీ కాదు.

మోసం సంగతి అలా ఉంచండి. నిజాయితీగా నడిచేవాళ్ళకు కూడా ఒక నష్టం ఉంది. జోర్డన్ ఎట్కిన్ అనే అమెరికా పరిశోధకురాలు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, అడుగులు కొలిస్తే మనుషులు ఎక్కువ నడిచారు గానీ ఆ నడకలో సంతోషం తగ్గిందన్నారు. సరదా పనిగా మారిపోయింది. పనిగా మారినదాన్ని ఎవరైనా జీతం ఆగగానే మానేస్తారు. మార్కులు వేసే ఏడాది అయిపోయాక ఆ పిల్లలు నడుస్తారా అన్నదే అసలు ప్రశ్న.

అయితే లెక్కే వద్దందామా? అలా అనడానికి నాకు మన తెలుగువాళ్ళ అలవాట్లే అడ్డొస్తున్నాయి. మనం లెక్కలో భక్తిని చూసుకునే జాతి. రామకోటి రాసే ముసలమ్మ గళ్ళ పుస్తకంలో ఒక్కో గడీ నింపుకుంటూ పోతుంది. హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడి చూసినవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. అంకెలు అచ్చు వేసిన కార్డు చేతిలో పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గుర్తు పెట్టుకుంటూ వందలమంది తిరుగుతుంటారు. అమెరికా వీసా కోసం వచ్చిన విద్యార్థులే అందులో బోలెడుమంది. బస్సు దిగి రెండు ఫర్లాంగులు నడవమంటే ఆటో పిలిచే పిల్లలు అక్కడ చెప్పులు లేకుండా గంటలకొద్దీ నడుస్తారు. ఆ కార్డు కూడా అడుగుల మీటరే కదా!

తేడా ఒక్కటే. ఆ కార్డును ఎవరూ తనిఖీ చేయరు. 97 దగ్గర మానేసి 108 అని గుర్తు పెట్టుకున్నా అడిగేవాడు లేడు. అందుకే ఎవరూ అలా చేయాలనుకోరు. లావుపాటి అబ్బాయి మెల్లగా నడిస్తే పక్కనుంచి దాటిపోతారు, అంతే. అతని కార్డులో ఎన్ని గుర్తులున్నాయో తొంగి చూడరు.

మా భాషలో చెబితే ఆ కార్డు పాస్‌బుక్కు. ఖాతాదారుడిది, అతని జేబులో ఉండేది. కాలేజీ గోడ మీద కాగితం బాకీదారుల జాబితా. పాస్‌బుక్కు చూసుకుంటే ఇంకో పది రూపాయలు దాచుకోవాలనిపిస్తుంది. జాబితాలో పేరు చూసుకున్నవాడు బజారుకు రావడం మానేస్తాడు.

గోప్యత గురించి బ్యాంకు పరీక్షలకు చదివినవాళ్ళందరికీ తెలిసిన పాత కేసు ఒకటుంది. 1924లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన టూర్నియర్ కేసు. ఆయన ఖాతాలో తొమ్మిది పౌన్ల చిల్లర బాకీ పడ్డాడు. వారానికో పౌను కడతానని ఒప్పుకుని కట్టలేకపోయాడు. అతని కొత్త చిరునామా కోసం బ్యాంకు మేనేజరు అతను పనిచేసేచోటికి ఫోను చేసి, మాటల్లో బాకీ సంగతి, జూదం అనుమానం బయటపెట్టాడు. టూర్నియర్ ఉద్యోగం కొనసాగలేదు. ఖాతాదారుడి సంగతులు దాచడం బ్యాంకు బాధ్యత, చట్టం అడిగినప్పుడు లేదా అలాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటపెట్టకూడదని అప్పీలు కోర్టు చెప్పింది. మన బ్యాంకులు ఇవాళ్టికీ ఆ మాట మీదే నడుస్తున్నాయి. తొమ్మిది పౌన్ల బాకీ దాచవలసిన సంగతి అయితే, పంతొమ్మిదేళ్ళ పిల్ల బరువు దాచవలసిన సంగతి కాదా? పైగా బాకీ అతను చేసుకున్నది. ఒళ్ళు చాలామట్టుకు తల్లిదండ్రుల నుంచి వచ్చినది, ఇంటి తిండి, నిద్ర, దిగులు, మందులు కలిసి చేసినది. ఆ పిల్ల ఎవరికీ ఏమీ బాకీ లేదు.

"పిల్లలను వాళ్ళ మానాన వదిలేస్తే నడవరు, ఏదో ఒక బలవంతం ఉండాలి" అని మా సహోద్యోగి ఒకాయన వాదించారు. హెల్మెట్ చట్టం లేదా, అది మన మేలుకే కదా అన్నారు. ఆయన వాదన తీసిపారేసేది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 24 శాతం, పురుషుల్లో 22.9 శాతం అధిక బరువున్నవాళ్ళు. అదే సర్వేలో స్త్రీలలో 18.7 శాతం ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారన్నది కూడా మరవకూడదు. బడి అన్నదే కొంత బలవంతం. వారానికి రెండు గంటలు అందరికీ ఆటలో నడకో తప్పనిసరి చేయండి, నేను చప్పట్లు కొడతాను. హెల్మెట్ అందరి తలకూ పెడతారు, బట్టతల వాళ్ళకే పెట్టరు. ఎవరు ఎంత తూగారో, ఎన్ని అడుగులు వేశారో కాలేజీకి ఎందుకు? వచ్చారా లేదా చూసుకుంటే చాలు. మీటరు కావాలన్నవాళ్ళకు ఇవ్వండి, అంకె వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి.

2019 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం ఫిట్ ఇండియా ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, విశ్వవిద్యాలయాలు, కాలేజీలు వ్యాయామ ప్రణాళికలు తయారు చేసుకోవాలని యూజీసీ కోరింది. ప్రణాళిక రాయడం తేలిక. నడవడానికి చోటు చూపడమే కష్టం. మా వైపు పల్లె రోడ్డు మీద సాయంత్రం చెరుకు ట్రాక్టర్లు పోతుంటే పక్కన నడిచేవాడికి మిగిలేది ముళ్ళకంప. పట్నంలో కాలిబాట ఉన్నచోట బండ్లు నిలబడి ఉంటాయి. మగపిల్లవాడు ఎలాగో నడుస్తాడు. ఆడపిల్ల, అందులోనూ లావుగా ఉన్న ఆడపిల్ల, ఒంటరిగా నాలుగు రోజులు ఒకే రోడ్డు మీద నడిచి చూడమనండి. మొదటి రోజు చూపులు, రెండో రోజు నవ్వులు, మూడో రోజు మోటారు సైకిలు. నాలుగో రోజు ఇంట్లోవాళ్ళే వద్దంటారు. ఆమె మీటరులో తగ్గిన అడుగుల్లో ఎన్ని ఆమెవి, ఎన్ని మనవి?

ఇదే ఆడపిల్లలు దసరాలకు పెద్దవాళ్ళతో కలిసి తుల్జాపూర్ దాకా కాలినడకన పోతారు. బీదర్, కలబురగి జిల్లాల నుంచి ప్రతి ఏడూ జనం గుంపులు గుంపులుగా అంబాభవానీ దర్శనానికి నడుస్తారు. దారి పొడుగునా మంచినీళ్ళు, అన్నం, పడుకోవడానికి చోటు ఎవరో ఒకరు చూస్తారు. రాత్రివేళ కూడా ఆడవాళ్ళు నిశ్చింతగా నడుస్తారు, ఎందుకంటే రోడ్డు ఆ నాలుగు రోజులూ నడిచేవాళ్ళది. ఎవరు లావు, ఎవరు సన్నం అని అడిగినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళకు నూనె రాసేవాళ్ళను మాత్రం చూశాను.

మా చెల్లెలి కూతురు కాలేజీకి ఆట మైదానం ఉంది. చుట్టూ ప్రహరీ గోడ, లోపల వేపచెట్లు, నడవడానికి తగిన చదునైన నేల. నాలుగున్నరకు గేటుకు తాళం పడుతుంది. తాళం ఏడింటి దాకా తీసి ఉంచమని, ఒక వాచ్‌మన్‌ను, రెండు దీపాలను పెట్టమని అడుగుతూ తల్లిదండ్రులం కొందరం కలిసి ఒక అర్జీ రాశాం. మీటర్ల ఊసు అందులో ఎత్తలేదు. నోటీసు బోర్డు మీది కాగితం తీసేయమని మాత్రం చివరి వాక్యంలో రాశాం.